ఏ హాలో గురించి మాట్లాడుతున్నాం? వరదగుడి నుంచి డార్క్ మ్యాటర్ దాకా

2021 జూన్ 2న హైదరాబాద్ ఆకాశంలో సూర్యుడి చుట్టూ పెద్ద వలయం కనబడింది. అంతకు కొద్దిరోజుల ముందు, మే 24న, బెంగళూరులోనూ అలాంటిదే కనిపించింది. ఫోన్ల నిండా ఆ ఫొటోలే. "సన్ హాలో" అన్న మాట చాలామందికి అప్పుడే అలవాటైంది. తర్వాత 2024 జనవరి 6న, శ్రీహరికోట నుంచి వెళ్లిన ఆదిత్య ఎల్1 "హాలో కక్ష్య"లోకి చేరిందని వార్త వచ్చింది. సూర్యుడి చుట్టూ ఫొటోల్లో చూసిన వలయానికీ ఈ కక్ష్యకూ సంబంధం ఉందని అనుకోవడం తేలికే, కానీ లేదు. ఇక ఆఫీసు ట్రైనింగుల్లో "హాలో ఎఫెక్ట్‌తో జాగ్రత్త" అంటారు. ఖగోళ శాస్త్రజ్ఞులేమో మన గెలాక్సీ మొత్తం ఒక హాలోలో మునిగి ఉందంటారు.

ఇన్ని అర్థాలను విడదీయడానికి ఒక ప్రశ్న బాగా పనికొస్తుంది: ఆ వలయం అసలు ఎక్కడ ఉంది? వస్తువులో ఉందా, వస్తువుకూ మనకూ మధ్య ఉందా, చూసేవాళ్లలో ఉందా? ఒక్కో రంగంలో దీనికి ఒక్కో జవాబు వస్తుంది.

మండువేసవిలో మంచు స్ఫటికాలు

ఆకాశంలో కనిపించే ఈ వలయాన్ని తెలుగులో వరదగుడి అంటాం. "చంద్రుడికి గుడి కట్టింది" అన్న మాట పల్లెల్లో ఇప్పటికీ వినిపిస్తుంది. సంస్కృతంలో పరివేషం. ఆరో శతాబ్దంలో వరాహమిహిరుడు బృహత్సంహితలో దీనికోసం ఒక అధ్యాయమే కేటాయించాడు. పలుచని మబ్బున్న ఆకాశంలో సూర్యచంద్రుల కిరణాలు గాలివల్ల గుండ్రంగా తిరిగి రంగురంగుల పరివేషాలు అవుతాయని ఆయన వివరణ. గాలి సంగతి సరికాదు గానీ, పలుచని మబ్బు కావాలన్న గమనిక మాత్రం అక్షరాలా నిజం.

ఆ మబ్బు పేరు సిర్రోస్ట్రాటస్. సుమారు ఆరు కిలోమీటర్లకు పైన, పలుచని తెరలా పరుచుకుంటుంది. కింద మే నెల ఎండ 44 డిగ్రీలున్నా, అంత ఎత్తులో ఉష్ణోగ్రత సున్నాకు చాలా దిగువన ఉంటుంది. అందుకే ఆ మబ్బులో ఉండేవి నీటి బిందువులు కావు, మంచు స్ఫటికాలు. వాటిలో చాలావాటిది ఇంకా చెక్కని ఆరుపలకల పెన్సిల్ ఆకారం. ఒక పలకలోంచి లోపలికి వెళ్లిన కాంతి, మధ్యలో ఒక పలకను వదిలి దాని పక్కదానిలోంచి బయటికి వస్తే, ఆ రెండు పలకల మధ్య కోణం 60 డిగ్రీలు. అంటే ఆ స్ఫటికం 60 డిగ్రీల పట్టకంగా పనిచేస్తుంది.

లెక్క ఇంటర్ ఫిజిక్స్‌లోదే. మంచు వక్రీభవన గుణకం, అంటే కాంతిని ఎంత వంచుతుందో చెప్పే సంఖ్య, 1.31. పట్టక కోణంలో సగం 30 డిగ్రీలు, దాని సైన్ విలువ 0.5. రెండూ గుణిస్తే 0.655. ఆ సైన్ విలువ ఉన్న కోణం దాదాపు 40.9 డిగ్రీలు. దాన్ని రెట్టింపు చేసి 60 తీసేస్తే మిగిలేది 21.8. ఈ స్ఫటికాల్లోంచి వచ్చే కాంతి కనీసం ఇంత వంగాల్సిందే, ఇంతకన్నా తక్కువ వంగడం కుదరదు. పైగా స్ఫటికాలు ఎలా తిరిగి ఉన్నా ఎక్కువ కాంతి ఈ కనిష్ఠ కోణం దగ్గరే పోగవుతుంది. అందుకే వలయం 22 డిగ్రీల దగ్గర ఏర్పడుతుంది, దాని లోపలి ఆకాశం కాస్త చీకటిగా కనిపిస్తుంది. చేయి పూర్తిగా చాచి జాన పరిస్తే బొటనవేలికీ చిటికెన వేలికీ మధ్య దూరం ఇంచుమించు ఇంతే ఉంటుంది. ఎరుపు అన్నిటికన్నా తక్కువ వంగే రంగు కాబట్టి అది లోపలి అంచున ఉంటుంది.

స్ఫటికం పక్కపలకకూ అడుగుపలకకూ మధ్య కోణం 90 డిగ్రీలు. ఆ దారిన వచ్చే కాంతికి ఇదే లెక్క వేస్తే దాదాపు 46 డిగ్రీలు వస్తుంది. అది అరుదుగా, మసగ్గా కనిపించే పెద్ద వలయం.

నన్ను ఎక్కువగా ఆకట్టుకునే విషయం వేరే ఉంది. నా కంటికి 22 డిగ్రీల కోణంలో కాంతి పంపే స్ఫటికాలు వేరు, నాకు పది అడుగుల దూరంలో నిలబడ్డ మనిషికి పంపేవి వేరు. ఇద్దరం ఒకే వలయం చూశామని చెప్పుకుంటాం, కానీ ఎవరి వలయం వారిదే. అది సూర్యుడి దగ్గర లేదు, మబ్బులో ఒక చోట అతికించినట్టూ లేదు. సూర్యుడు, స్ఫటికం, కన్ను కలిసి చేసే కోణం అది.

దూరపు గుడి, దగ్గర గుడి: సామెత మాటేమిటి?

గుడి దూరంగా కడితే వాన దగ్గర, దగ్గరగా కడితే వాన దూరం అని రైతులు చెబుతారు. ఇక్కడ చిక్కు ఏమిటంటే, 22 డిగ్రీల వలయం పెరగదు, తగ్గదు. మరి దగ్గర గుడి ఏది?

చంద్రుణ్ణి ఆనుకున్నట్టు చిన్న వలయం కనిపించే సందర్భాలున్నాయి. దాన్ని కరోనా అంటారు. అది మంచు స్ఫటికాల్లో కాంతి వంగడంవల్ల కాక, సన్నని నీటి బిందువుల అంచుల వద్ద కాంతి వివర్తనం చెందడంవల్ల, అంటే పక్కలకు విస్తరించడంవల్ల వస్తుంది. బిందువు వ్యాసం 20 మైక్రాన్లయితే, ఆకుపచ్చ కాంతికి మొదటి చీకటి వలయం చంద్రుడి నుంచి సుమారు 2 డిగ్రీల దూరంలో వస్తుంది. వరదగుడిలో పదో వంతు కూడా కాదు. రంగుల వరసా తలకిందులే. హాలోలో ఎరుపు లోపల, కరోనాలో ఎరుపు బయట. రెండిటినీ వేరు చేయడానికి ఇంతకన్నా మంచి గుర్తు లేదు.

అంటే సామెత ఒకే వలయం గురించి కాదు, రెండు రకాల మబ్బుల గురించి చెబుతోందని అర్థం చేసుకోవచ్చు. పెద్ద గుడి అంటే ఎత్తులో మంచు తెర. సమశీతోష్ణ దేశాల్లో వాన తెచ్చే వెచ్చని గాలుల ముందు ఇలాంటి మబ్బే వస్తుంది కాబట్టి, అక్కడ ఈ గుర్తుకు కొంత విలువ ఉంది. మన దగ్గర పెద్ద ఉరుముల మబ్బులు, వాయుగుండాలు తమ పైభాగం నుంచి ఇలాంటి తెరను దూరదూరాలకు విసురుతాయి. అవి మనవైపే వస్తాయన్న హామీ లేదు. అందుకని సామెతను మూఢనమ్మకం అని కొట్టేయడం అన్యాయం, వాతావరణ సూచన అనుకోవడం అతి.

కరోనా లాంటిదే కంటి లోపలా ఏర్పడుతుంది. వీధిదీపాల చుట్టూ తనకు మాత్రమే రంగుల వలయాలు కనిపిస్తుంటే కారణం మబ్బులో లేదు, కంట్లో ఉంది. శుక్లం కావచ్చు, కంటి ఒత్తిడి పెరిగి కార్నియా ఉబ్బడం కావచ్చు. హఠాత్తుగా కంటినొప్పి, ఎరుపుతో పాటు వచ్చే వలయాలను డాక్టర్లు అత్యవసరంగా చూస్తారు.

తన నీడ తలకే వెలుగు: చెల్లినీ చూసింది ఏమిటి

పదహారో శతాబ్దపు ఫ్లోరెన్స్ శిల్పి, స్వర్ణకారుడు బెన్వెనూటో చెల్లినీ తన ఆత్మకథలో ఒక వింత రాసుకున్నాడు. జైలులో దైవదర్శనం అయ్యాక, తన నీడ తల చుట్టూ ఒక వెలుగు కనిపించేదట. పొద్దున్నే, మంచు పడ్డ గడ్డి మీద ఇంకా స్పష్టంగా ఉండేదట. అది తనకు దక్కిన దైవానుగ్రహమని ఆయన గట్టిగా నమ్మాడు.

ఆయన అబద్ధం చెప్పలేదు. ఆ వెలుగు ఉంది. గడ్డి మీది మంచుబిందువు కటకంగా పనిచేసి సూర్యకాంతిని వెనకనున్న ఆకు మీద గుమిగూడుస్తుంది, ఆ కాంతి వచ్చిన దారినే వెనక్కి మళ్లుతుంది. వచ్చిన దారి అంటే సూర్యుడి వైపు. ఆ దిక్కుకు సరిగ్గా అడ్డంగా ఉన్నది చూసేవాడి తల. కాబట్టి ఎవరికైనా తన నీడ తల చుట్టూనే వెలుగు కనిపిస్తుంది, పక్కవాడి నీడకు కనిపించదు. డిసెంబరు ఉదయం వరిచేను గట్టు మీద నిలబడ్డ ఎవరికైనా ఇది అనుభవమే.

చైనాలోని ఎమెయ్ కొండ మీద యాత్రికులు పొగమంచు మీద పడ్డ తమ నీడ చుట్టూ రంగుల వలయాలు చూసి "బుద్ధుడి కాంతి" అనేవారు. విమానం కిటికీ పక్కన కూర్చున్నప్పుడు కింద మబ్బు మీద విమానం నీడ చుట్టూ కనబడేదీ అదే. దాన్ని గ్లోరీ అంటారు. ఇది నీటి బిందువులు కాంతిని వెనక్కి పంపడంవల్ల వస్తుంది. చూసేవాడి స్థానం వల్ల వచ్చిన వెలుగును చూసేవాడి గొప్పతనంగా తీసుకోవడం చెల్లినీ ఒక్కడే చేసిన పని కాదన్నమాట.

కళలో వలయం: పుణ్యానికి కాదు, ముందు అధికారానికి

శిల్పశాస్త్రంలో తల వెనక ఉండే చక్రాన్ని శిరశ్చక్రం అంటారు, విగ్రహం మొత్తాన్ని చుట్టి ఉండేదాన్ని ప్రభావళి లేదా ప్రభామండలం అంటారు. గుళ్లలో మూలవిరాట్టు వెనక మకరతోరణం ఆ కుటుంబంలోదే. యూరప్‌లోనూ ఈ విభజన ఉంది: తలకు నింబస్, ఒంటికి ఆరియోల్, బాదం ఆకారంలో ఉంటే మాండోర్లా.

ఎక్కడ పుట్టింది అన్నదానిపై పండితుల్లో ఏకాభిప్రాయం లేదు. గ్రీకుల సూర్యదేవుడి కిరణ కిరీటం అని కొందరు, రాజుకు దైవం ఇచ్చే తేజస్సు అనే ఇరాన్ భావన అని మరికొందరు. నిస్సందేహంగా చెప్పగలిగింది ఒకటుంది. రెండో శతాబ్దంలో కుషాణ చక్రవర్తి కనిష్కుడి బంగారు నాణేల మీద బుద్ధుడి తల వెనక వలయం, ఒంటి చుట్టూ మరో వలయం ఉన్నాయి. బుద్ధుడి పేరు గ్రీకు లిపిలో చెక్కి ఉంది. భారతీయ గురువు, గ్రీకు లిపి, మధ్య ఆసియా రాజు. ఇలాంటి చోట "ఇది మాదే" అనే వాదనకు బలం ఉండదు.

ఈనాడు హాలో అంటే మంచితనం గుర్తు అనుకుంటాం. మొదట్లో అలా లేదు. రోమ్‌లోని శాంతా మారియా మజ్జోరే చర్చిలో అయిదో శతాబ్దపు మొజాయిక్ ఉంది. అందులో పసిపిల్లలను చంపించిన హెరోదు రాజుకూ తల వెనక వలయం ఉంది. అతను రాజు కాబట్టి పెట్టారు, అంతే. రవెన్నాలో 547లో ప్రతిష్ఠ జరిగిన సాన్ విటాలె చర్చిలో జస్టీనియన్ చక్రవర్తికి, రాణి థియొడోరాకు వలయాలున్నాయి. తొమ్మిదో శతాబ్దంలో పోప్ మొదటి పాస్కల్ తాను కట్టించిన శాంతా ప్రసేదె చర్చిలో తన బొమ్మ పెట్టించుకున్నాడు. దానికున్నది గుండ్రటి వలయం కాదు, చతురస్రం. ఆ మనిషి ఇంకా బతికే ఉన్నాడని దాని అర్థం.

తర్వాత చిత్రకారులకు ఒక చిక్కు వచ్చింది. పాదువాలో 1305 ప్రాంతంలో జొత్తో వేసిన క్రీస్తు చివరి విందు చిత్రంలో కొందరు శిష్యులు మనకు వీపు పెట్టి కూర్చున్నారు. వారి బంగారు పళ్లేల్లాంటి వలయాలు సరిగ్గా మొహాలకు అడ్డం వచ్చాయి. చిత్రంలో లోతు చూపడం మొదలుపెట్టాక, వలయం ఒక వస్తువా లేక సంకేతమా అన్నది తేల్చుకోక తప్పలేదు. 1420లలో మసాచ్చో దాన్ని నిజమైన పళ్లెంగా భావించి, తల తిరిగిన వైపుకు వాల్చి గీశాడు. లియోనార్డో తన చివరి విందు చిత్రంలో వలయాలే మానేసి, క్రీస్తు తల వెనక వెలుతురు కిటికీ ఉంచాడు.

ఇటు మొఘల్ దర్బారులో జహంగీరు చిత్రాలకు పెద్ద బంగారు వలయం వచ్చింది. 1580 నుంచి అక్బరు కొలువుకు వచ్చిన జెసూట్ పాద్రీలు తెచ్చిన యూరప్ బొమ్మల ప్రభావం అది. ఒక చిత్రంలో సూర్యుణ్ణీ చంద్రుణ్ణీ కలిపి ఆయన తల వెనక పెట్టారు. మళ్లీ అధికారమే! ఈరోజు ఊళ్లలో నాయకుల ఫ్లెక్సీల మీద తల వెనక సూర్యబింబం పెట్టేవాళ్లు ఆ సంప్రదాయంలోనే ఉన్నారు.

గమనించాల్సిన తేడా ఒకటుంది. ఆకాశంలోది మధ్యలో ఖాళీ ఉన్న సన్నని వలయం. కళలోది చాలావరకు నిండు బింబం. కళాకారులు అనుకరించింది సూర్యుడి చుట్టూ ఉన్న గుడిని కాదు, సూర్యుణ్ణే అని నాకనిపిస్తుంది.

హాలో ఎఫెక్ట్: ఒక గుణం మిగతావాటికి మార్కులు వేస్తే

1920లో అమెరికన్ మనస్తత్వవేత్త ఎడ్వర్డ్ థార్న్‌డైక్ సైన్యంలో అధికారులు తమ కిందివారికి ఇచ్చిన మార్కులు పరిశీలించాడు. శరీర దారుఢ్యం, తెలివి, నాయకత్వం, శీలం, ఇలా విడివిడిగా మార్కులు వేయమన్నారు. అవి విడివిడిగా రాలేదు.

ఒక ఊహా ఉదాహరణ చూద్దాం. ఒక అధికారి ముగ్గురికి ఈ నాలుగు గుణాలకూ వరసగా మార్కులు వేశాడు. మొదటివాడికి 9, 9, 8, 9. రెండోవాడికి 6, 6, 6, 5. మూడోవాడికి 3, 4, 3, 3. కండలున్నవాడు తెలివిలో 4 తెచ్చుకోవడం గానీ, బక్కపలచనివాడు నాయకత్వంలో 9 తెచ్చుకోవడం గానీ ఈ పట్టికలో ఒక్కసారీ జరగలేదు. అధికారి నాలుగు గుణాలు కొలిచానని అనుకుంటున్నాడు. నిజానికి "ఇతను మంచివాడు" అన్న ఒకే అభిప్రాయాన్ని నాలుగుసార్లు రాశాడు. థార్న్‌డైక్ దీనికే హాలో అని పేరు పెట్టాడు. దీని ఎదురు దిశను, అంటే ఒక లోపం మిగతా గుణాలనూ కిందికి లాగడాన్ని, హార్న్ ఎఫెక్ట్ అంటున్నారు.

1977లో రిచర్డ్ నిస్‌బెట్, టిమోతీ విల్సన్ మిషిగన్ విశ్వవిద్యాలయ విద్యార్థులకు ఒకే అధ్యాపకుడి వీడియోలు చూపించారు. ఆయన ఇంగ్లీషులో యూరప్ యాస ఉంది. ఒక వీడియోలో స్నేహంగా మాట్లాడాడు, ఇంకోదానిలో కటువుగా. మొదటిది చూసినవారికి ఆయన రూపం, హావభావాలు, యాస నచ్చాయి. రెండోది చూసినవారికి అవే రూపం, అదే యాస చిరాకు తెప్పించాయి. ఇక అసలు సంగతి. మనిషి నచ్చకపోవడంవల్ల యాస నచ్చలేదని వారు ఒప్పుకోలేదు. రెండో బృందంలో చాలామంది, యాస బాగాలేదు కాబట్టే మనిషి నచ్చలేదన్నారు. కారణాన్నీ ఫలితాన్నీ తారుమారు చేశామని వారికే తెలియదు.

కార్పొరేట్ ప్రపంచంలో ఉదాహరణకు హైదరాబాద్ దాటి వెళ్లక్కర్లేదు. 2008లో సత్యం కంప్యూటర్స్‌కు ఉత్తమ కార్పొరేట్ పాలనకు గోల్డెన్ పీకాక్ అవార్డు వచ్చింది. 2009 జనవరి 7న ఖాతాల్లో లెక్కలు కల్పితమని చైర్మన్ స్వయంగా లేఖ రాశారు. అవార్డును వెనక్కి తీసుకున్నారు. అందరూ మోసపోవడానికి హాలో ఒక్కటే కారణం అనలేం, ఆడిట్ లోపాలూ ఉన్నాయి. కానీ వేగంగా ఎదిగే కంపెనీ చక్కగా నడిచే కంపెనీ కూడా అయి ఉంటుందన్న అనుకోలు అక్కడ గట్టిగా పనిచేసింది.

అది ఎప్పుడూ పొరపాటేనా?

ఇక్కడ ప్రచారంలో ఉన్న కథ కంటే అసలు విషయం జటిలం. లెక్కల్లో 90 వచ్చినవాడికి ఫిజిక్స్‌లోనూ 85 వేస్తే అది భ్రమ కాకపోవచ్చు, రెండిటికీ కొంత ఉమ్మడి సామర్థ్యం ఉంటుంది. పరిశోధకులు అందుకే గుణాల మధ్య నిజంగా ఉన్న సంబంధాన్ని ఒకవైపు, మార్కులు వేసేవాడు చేర్చిన సంబంధాన్ని మరోవైపు పెడతారు. చిక్కేమిటంటే, బయటి కొలమానం లేకుండా మార్కుల పట్టిక ఒక్కటే చూసి ఏది ఎంతో చెప్పలేం. శీలానికి బయటి కొలమానం ఎక్కడుంది?

అందం సంగతీ అంతే. అందంగా ఉన్నవారిని మంచివారుగా చూస్తారని 1972లో కరెన్ డియాన్, ఆమె సహచరులు చూపించారు. అదే పరిశోధనలో వారు ఇంకా మంచి తల్లిదండ్రులు అవుతారని మాత్రం ఎవరూ అనుకోలేదు. తర్వాతి అధ్యయనాలన్నీ కలిపి చూస్తే, అమెరికాలో అందం కలుపుగోలుతనానికి మార్కులు బాగా పెంచుతుంది, నిజాయితీకి దాదాపు పెంచదు. కొరియాలో 1997లో చేసిన అధ్యయనంలో నిజాయితీకి, ఇతరుల పట్ల శ్రద్ధకూ పెంచింది. ఏ సమాజం దేన్ని గొప్పగా చూస్తుందో ఆ గుణానికే వెలుగు పాకుతోందన్నమాట.

మనస్తత్వవేత్త డేనియల్ కానెమన్ ప్రొఫెసరుగా ఉన్నప్పుడు ఒక విద్యార్థి జవాబులన్నీ వరసగా దిద్దడం మానేసి, అందరి మొదటి జవాబులు, తర్వాత అందరి రెండో జవాబులు దిద్దాడు. ఒకే విద్యార్థికి ఒక జవాబులో ఎక్కువ, ఇంకోదానిలో తక్కువ రావడం మొదలైంది. తన మీద తనకున్న నమ్మకం తగ్గిందని ఆయనే చెప్పాడు. ఇంతకుముందు మార్కులు పొందికగా ఉన్నాయంటే, అవి సరైనవి కాబట్టి కాదు, మొదటి జవాబు మిగతావాటికి కూడా మార్కులు వేసింది కాబట్టి.

కక్ష్యకు, పరమాణు కేంద్రకానికి ఆ పేరెందుకు

ఆదిత్య ఎల్1 విషయం త్వరగా తేలుతుంది. భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరంలో, సూర్యుడి వైపున, ఎల్1 అనే బిందువు ఉంది. అక్కడ ఏ వస్తువూ లేదు. నౌక ఆ ఖాళీ బిందువు చుట్టూ తిరుగుతుంది, ఒక చుట్టుకు సుమారు 178 రోజులు. భూమి నుంచి చూస్తే దాని దారి సూర్యుడి చుట్టూ వలయంగా కనిపిస్తుంది. 1960లలో రాబర్ట్ ఫార్కర్ చంద్రుడి చుట్టూ ఇలా కనిపించే దారిని లెక్కవేసి హాలో కక్ష్య అన్నాడు. పోలిక అంతవరకే, వెలుగుతో సంబంధం లేదు.

1985లో ఇసావో తనిహాటా బృందం లిథియం-11 కేంద్రకం ఉండాల్సినదానికన్నా చాలా పెద్దదని కనిపెట్టింది. అందులో రెండు న్యూట్రాన్లు మిగతావాటికి దూరంగా, పలుచగా పరుచుకుని ఉంటాయి. 11 కణాలున్న ఈ కేంద్రకం విస్తృతి 208 కణాలున్న సీసం కేంద్రకంతో పోల్చదగ్గంత. దాన్నీ హాలో కేంద్రకం అన్నారు.

గెలాక్సీ హాలో: కనిపించనిదే ఎక్కువ బరువు

సౌరకుటుంబంలో బుధుడు సెకనుకు 47 కిలోమీటర్ల వేగంతో తిరుగుతాడు, నెప్ట్యూన్ 5.4 కిలోమీటర్లతో. బరువంతా మధ్యలోని సూర్యుడిలో ఉంది కాబట్టి దూరం పెరిగేకొద్దీ వేగం పడిపోతుంది. గెలాక్సీల అంచుల్లోనూ ఇలాగే ఉండాలి. 1970లలో వెరా రూబిన్, కెంట్ ఫోర్డ్ కొలిస్తే అలా లేదు. అంచుల్లోని వేగం దాదాపు తగ్గలేదు. వేగం మారకుండా దూరం రెట్టింపైతే, ఆ దూరం లోపలున్న బరువూ రెట్టింపై ఉండాలి. కానీ అక్కడ నక్షత్రాలు అంతంతమాత్రం. 1973లో జెరెమయా ఆస్ట్రైకర్, జేమ్స్ పీబుల్స్ మరో దారిలో ఇక్కడికే చేరారు: చుట్టూ భారీ హాలో లేకపోతే పళ్లెం ఆకారపు గెలాక్సీలు స్థిరంగా నిలవవు.

మొదట చూసిన ఆకాశపు హాలోలకు ఇది ఎదురు. అక్కడ వెలుగుంది, వస్తువు లేదు. ఇక్కడ వెలుగు లేదు, కానీ ఎక్కువమంది శాస్త్రజ్ఞుల లెక్కలో బరువులో అధిక భాగం ఇదే. ఈ కనిపించని పదార్థాన్నే డార్క్ మ్యాటర్ అంటారు.

అందరూ ఒప్పుకోలేదు. 1983లో మొర్దెహాయ్ మిల్‌గ్రోమ్, పదార్థం లోటు లేదు, అతి తక్కువ త్వరణాల దగ్గర గురుత్వ నియమమే మారుతుందన్నాడు. విడివిడి గెలాక్సీల వేగాలను ఆ సిద్ధాంతం ఆశ్చర్యపోయేంత బాగా చెబుతుంది. గెలాక్సీ గుంపుల దగ్గర తడబడుతుంది. బుల్లెట్ క్లస్టర్‌లో రెండు గుంపులు ఢీకొన్నప్పుడు వాయువు ఒకచోట ఆగిపోయింది, గురుత్వం మాత్రం వేరేచోట బలంగా ఉంది. 2006లో వచ్చిన ఈ ఫలితం హాలో పక్షానికి పెద్ద బలం. అయినా ఆ పదార్థపు కణాన్ని భూగర్భ ప్రయోగశాలల్లో ఇంతవరకు ఎవరూ పట్టుకోలేదు.

డార్క్ మ్యాటర్ నిజమైతే, మన గెలాక్సీ హాలోలో నక్షత్రాలే లేని చిన్న ముద్దలు చాలా ఉండాలి. అవి సన్నని నక్షత్ర ధారల్లోంచి దూసుకెళ్లినప్పుడు ఖాళీలు మిగులుతాయి. చిలీలో వెరా రూబిన్ పేరు పెట్టిన అబ్జర్వేటరీ 2025 జూన్‌లో తొలి చిత్రాలు విడుదల చేసింది. పదేళ్ల పాటు దక్షిణాకాశాన్ని పదేపదే ఫొటో తీయడం దాని పని. ఆ ఖాళీలు ఎన్ని ఉన్నాయో, ఎంతెంత ఉన్నాయో ఆ చిత్రాల్లో లెక్కపెడతారు.